సముద్రం ఎక్కడికీ పోదు, ముందు బాత్రూం చూడు

విశాఖపట్నం,
కార్తీకమాసం.

చిన్నీకి,



అమ్మానాన్నల్ని ఇక్కడి సముద్రానికి తీసుకొస్తానంటూ నువ్వు పంపిన మూడు రిసార్టుల ఫోటోలూ చూశాను. మీ పెదనాన్నకీ చూపించాను. మూడింట్లోనూ నీలంగా ఈతకొలను, పక్కన తెల్ల గొడుగు, గొడుగు కింద పడక కుర్చీ. మూడింటికీ సముద్రం ఒకటే. ఏది బాగుందో చెప్పు పెద్దమ్మా అన్నావు. ఫోటోల్లో లేనివాటిని బట్టి చెప్పాలి గనక ఉత్తరం కాస్త పొడుగవుతుంది. ఫోన్లో టైపు చేసే ఓపిక నాకు లేదు. కాగితం మీద రాసి, మీ పెదనాన్న చేత ఫోటో తీయించి పంపిస్తున్నాను. అక్షరం తెలియకపోతే ఫోన్ చెయ్యి.

మా ఇంట్లో దిగొచ్చు కదా అని నేను అనను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఉన్నా అననేమో. అక్క ఇంటికి వస్తే మీ అమ్మ కుర్చీలో కూర్చునే నా బెండకాయలు తరుగుతుంది, మీ నాన్న మొహమాటానికి మా టీవీలో మా సీరియల్సే చూస్తారు. అది చుట్టరికం, సెలవు కాదు. హోటల్లో దింపు. పూటపూటకీ నేనే వస్తాను.

నా ఉద్యోగమంతా తుంటి విరిగినవాళ్ళనీ, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళనీ మళ్ళీ నడిపించడంతోనే గడిచిందని నీకు తెలుసు. అందులో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. పెద్దవాళ్ళు నొప్పిని ఓర్చుకుంటారు గానీ, ‘కాస్త పట్టుకోమ్మా’ అని అడగాల్సి రావడాన్ని ఓర్చుకోలేరు. బాత్రూంకి వెళ్ళాలంటే ఎవర్నో లేపాలి అనుకుంటే సాయంత్రం నుంచే మంచినీళ్ళు తాగడం మానేస్తారు. మెట్లున్నాయని తెలిస్తే ‘నాకు ఆకలిగా లేదు, మీరు తినిరండి’ అంటారు. సముద్రం దాకా తీసుకెళ్తామంటే ‘ఇక్కణ్ణించి కనపడుతోందిగా’ అంటారు. మనమేమో వాళ్ళకి ఇష్టం లేదనుకుంటాం. కాబట్టి నువ్వు వెతకాల్సింది అయిదు నక్షత్రాల హోటల్ కాదు. మీ అమ్మ రోజు మొత్తంలో అతి తక్కువసార్లు నీ చెయ్యి అడగాల్సి వచ్చే చోటు. మిగతాదంతా దీన్నిబట్టే చెప్తాను.

గదికన్నా ముందు బాత్రూం. అక్కడే పడతారు, రాత్రిపూట మరీ భయం. ఫోన్ చేసి ‘మీ దగ్గర వీల్‌చెయిర్ ఉందా’ అని అడక్కు. ‘ఉందండీ’ అంటారు. నిజంగానే ఉంటుంది, సామాన్ల గదిలో మడతపెట్టి. ఆ కుర్చీ బాత్రూం తలుపులో పడుతుందా అన్నది నీక్కావాలి. మామూలు వీల్‌చెయిర్ వెడల్పు రెండడుగుల పైమాటే, పక్కన చేతులు పెట్టుకోవడానికి జాగా వేరే. కేంద్రం 2021లో తెచ్చిన సౌలభ్య మార్గదర్శకాల్లో తలుపుకి 90 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలని రాశారు. మన హోటళ్ళలో గది తలుపు ఆ వెడల్పున ఉన్నా, బాత్రూం తలుపు దానికన్నా బాగా సన్నగా ఉండడం మామూలే. టేపు పెట్టి కొలిచి చెప్పమను. మొహమాటపడకు, నువ్వు డబ్బిస్తున్నావు.

బాత్రూం గుమ్మం దగ్గర మెట్టు ఉందా? నీళ్ళు గదిలోకి రాకుండా మన దగ్గర అంగుళమో రెండో ఎత్తు కడతారు. వాకర్ కాళ్ళు అక్కడే తగులుకుంటాయి. స్నానం చేసే చోట గాజు తలుపు ఉందా, స్నానాల తొట్టి ఉందా? తొట్టి ఉంటే ఆ గది వద్దు, ఎంత సముద్రం కనిపించినా సరే. తొట్టి అంచు దాటడానికి కాలు ఎంత ఎత్తాలో నీకూ తెలుసు. తుంటి మార్పించుకున్న మీ అమ్మకి అది కూడని పని. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఉందా అని అడుగు. ఉందంటే ఫోటో పంపమను. చాలాసార్లు వాళ్ళు చూపించేది టవల్ రాడ్డు. అది తువ్వాలు బరువు మోయడానికి రెండు మరలతో బిగించింది. మనిషి బరువు పడితే గోడనుంచి ఊడి వస్తుంది, దాన్ని పట్టుకున్న మనిషి దానితోపాటే పడతారు. మీ అమ్మకి ముందే చెప్పు, టవల్ రాడ్డుని ముట్టుకోవద్దని.

కమోడ్ ఎత్తు కూడా కొలిపించు. 45 నుంచి 48 సెంటీమీటర్లు ఉండాలి. కొత్త హోటళ్ళలో గోడకి వేలాడదీసినట్టు బిగించేవి చూడ్డానికి బాగుంటాయి, ఒక్కోచోట మరీ కిందికి పెట్టేస్తారు. తుంటి మార్చినవాళ్ళు కూర్చున్నప్పుడు మోకాళ్ళు తుంటికన్నా పైకి రాకూడదు. డాక్టరు చెప్పే ఉంటాడు. ఆ సూత్రం కమోడ్‌కే కాదు, మంచానికీ, సోఫాకీ, కారు సీటుకీ, ఒడ్డున వేసే పడక కుర్చీకీ వర్తిస్తుంది. నువ్వు పంపిన మూడో రిసార్టులో మంచం నేలకి జానెడెత్తున ఉంది. చూడ్డానికి జపాన్ వాళ్ళ ఇల్లులా ఉంది. దానిమీద కూర్చుంటే మీ అమ్మని లేపడానికి ఇద్దరు కావాలి.

ఇంకా కొన్ని చిన్నవి. కార్డు పెడితేనే దీపాలు వెలిగే గదులుంటాయి. ఎవరో కార్డు తీసుకుని బయటికి వెళ్తే, లోపల బాత్రూంలో ఉన్న మనిషికి చీకటే. రెండో కార్డు అడిగి ఆ పెట్టెలోనే వదిలెయ్. కొన్నిచోట్ల చిన్న ఫ్రిజ్ కూడా దాంతోనే ఆగిపోతుంది, మీ నాన్న ఇన్సులిన్ అందులో పెడతారు కదా. రాత్రంతా వెలిగే చిన్న దీపం ఒకటి ఇంటినుంచే తెచ్చుకోండి. రబ్బరు చాప, చేతులు లేని ప్లాస్టిక్ స్టూలు కాకుండా చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, బక్కెటు, మగ్గు ముందే గదిలో పెట్టించు. షవరు కింద నిలబడి స్నానం చెయ్యడం మీ అమ్మకి ఎప్పుడూ రాదు, ఈ వయసులో నేర్పకు. బాల్కనీ తలుపు జరిపేదైతే కింద పట్టా ఎంత ఎత్తుందో చూడు. సముద్రం చూడాలని ఆత్రంగా వెళ్ళేటప్పుడు కాలు దానికే తగులుతుంది.

తర్వాత దారి. కారు ఆగిన చోటినుంచి మంచం దాకా ఎన్ని మెట్లున్నాయో వాట్సాప్ వీడియోలో నడుస్తూ చూపించమను. రిసెప్షన్ కుర్రాళ్ళు మంచివాళ్ళు, అడిగితే చూపిస్తారు. వాళ్ళు ‘రెండే మెట్లండీ’ అంటే అది వాళ్ళ వయసు లెక్క. ర్యాంప్ ఉందంటే ఏటవాలు చూడు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలి. కొందరు సామాన్ల బండి ఎక్కించడానికి కట్టిన ర్యాంపునే చూపిస్తారు. దానిమీద కుర్చీని తోసేవాడి ప్రాణం, కూర్చున్నవాళ్ళ ప్రాణం రెండూ పోతాయి. గదినుంచి భోజనాల హాలుకి ఎంత దూరమో అడుగు. మీ నాన్న పొద్దున్న ఏడింటికల్లా టిఫిన్ చెయ్యాలి, సూది వేసుకున్నాక ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. ఎనిమిదింటికి తెరిచే హాలు, అదీ తోటకి అవతలి చివర ఉంటే ఆయనకి ఎలా కుదురుతుంది? గదికే ఇడ్లీ పంపుతారా అని ముందే మాట్లాడుకో.

ఇప్పుడు నీ మూడింటి సంగతి. మొదటిది ఋషికొండ వైపు, కొండ వాలున ఉంది. అక్కణ్ణించి సముద్రం చూస్తే చెప్పలేం, నిజం. కానీ వాలున కట్టిన చోట ఒక గదికీ ఇంకో గదికీ మధ్య మెట్లు తప్పవు. రెండోది భీమిలి దారిలో ఉంది, నేల చదునే, కాటేజీలు విడివిడిగా విసిరేసినట్టున్నాయి. బ్యాటరీ బండి తిప్పుతామంటున్నారని రాశావు. ఆ బండి పిలిచినప్పుడు వస్తుంది, కావలసినప్పుడు కాదు. పైగా రాత్రిపూట ఏదైనా అయితే ఊళ్ళోకి రావడానికి చాలా సమయం పడుతుంది. మూడోదాని మంచం సంగతి చెప్పాను.

నన్నడిగితే మూడూ వద్దు. ఇక్కడ బీచ్ రోడ్డు మీదే, ఆర్కే బీచ్ ఎదురుగా, లిఫ్టులున్న హోటళ్ళున్నాయి. రిసార్టు అని బోర్డు ఉండదు, కొబ్బరిచెట్లకి ఊయల కట్టరు. కానీ గదిలోంచి సముద్రం కనిపిస్తుంది, కింద రోడ్డు దాటితే చదునైన కాలిబాట, కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర, నేనూ దగ్గరే. కింద అంతస్తా, పై అంతస్తా అని అడుగుతావు. లిఫ్టుకి జనరేటర్ ఉంటే మూడో నాలుగో అంతస్తు తీసుకో. కింద అంతస్తులో ప్రహరీగోడ తప్ప ఏమీ కనిపించదు. మీ అమ్మ రోజులో ఎక్కువసేపు గదిలోనే ఉంటుంది. సముద్రం మంచం మీదనుంచే కనపడాలి, బాల్కనీలోకి వెళ్తేనే కనపడేలా కాదు. ఇది ఒక్కటి మాత్రం డబ్బు చూసుకోకు.

పిల్లలకి ఈతకొలను కావాలంటావు. నాకు తెలుసు. వాళ్ళకి సముద్రం చాలు. వాళ్ళ కోసం మీ అత్తగారివైపు వాళ్ళతో ఇంకోసారి గోవా వెళ్ళండి.

ఎప్పుడు రావాలో చెప్తాను. ఇప్పుడు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదుగా వెళ్ళింది. కరెంటు, ఫోను, నీళ్ళు లేకుండా ఈ ఊరు గడిపిన రోజుల గురించి నీకు ఫోన్లో చెప్పడానికి కూడా వీల్లేకపోయింది అప్పట్లో. పైగా కార్తీకమాసంలో పిక్నిక్ బస్సులతో ఒడ్డంతా నిండిపోతుంది. సంక్రాంతికి రైళ్ళూ, హోటళ్ళూ దొరకవు. కనుమ వెళ్ళాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా బాగుంటుంది. మార్చి దాటితే ఉక్కపోత మొదలు. ఖమ్మం ఎండ మీకు అలవాటే గానీ ఇక్కడిది వేరు. చెమట ఆరదు. మీ నాన్న బీపీకి వేసుకునే మాత్రల్లో నీరు పోయేది ఒకటి ఉంది కదా. చెమటా పోయి, దానివల్లా పోయి, పైగా బాత్రూం భయంతో నీళ్ళూ తాగకపోతే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. మాత్ర మీరే మానెయ్యకండి. ప్రయాణానికి ముందు డాక్టర్ని కలిసి ఏ పూట వేసుకోవాలో అడగండి.

రైలు. విమానమెక్కాలంటే మీ వాళ్ళు ముందు విమానాశ్రయమున్న ఊరిదాకా వెళ్ళాలి, ఆ అలుపే ఎక్కువ. ఖమ్మంలో వందేభారత్ ఆగుతుంది. శుభ్రంగా ఉంటుంది, పై బెర్తు ఎక్కే పని లేదు. కానీ మధ్యాహ్నం సికింద్రాబాదులో బయల్దేరేది ఇక్కడికి చేరేసరికి దాదాపు అర్ధరాత్రి. ఆరుగంటలకి పైగా కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంటే మీ అమ్మ పాదాలు వాచిపోతాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్సే నయం. రాత్రి అన్నం తిని ఎక్కితే పడుకుని రావచ్చు, తెల్లవారకముందే ఇక్కడుంటారు. సెకండ్ ఏసీలో రెండు కింది బెర్తులు కావాలి. ఒక కిటుకుంది, జాగ్రత్తగా విను. వాళ్ళ టికెట్టు, మీ టికెట్టు కలిపి తియ్యకు. అరవై దాటిన మగవాళ్ళకీ, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకీ కింది బెర్తుల కోటా ఉంది. అది టికెట్టు మీద ఒక్కరో ఇద్దరో ఉన్నప్పుడే వర్తిస్తుంది. మీ నలుగుర్నీ కలిపి తీస్తే ఆ కోటా పోతుంది. వాళ్ళిద్దరికీ ఆ కోటాలో విడిగా తీసి, మీ టికెట్లు వేరేగా అదే బోగీలో ప్రయత్నించు. వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఎత్తేశారు, దానికోసం చూడకు.

తెల్లవారుజామున దిగితే హోటల్లో గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు. ఆ ఏడెనిమిది గంటలు లాబీలో సోఫా మీద కూర్చోబెడతావా? ముందురోజు రాత్రినుంచే గది తీసుకో. ఒక రాత్రి డబ్బు దండగ అని మీ నాన్న అంటారు. ఆయనకి చెప్పకు. అడిగితే అబద్ధం చెప్పకు, అడక్కపోతే నువ్వుగా ఎత్తకు.

ఇక అసలు సంగతి, ఇసుక. మీ అమ్మ నాతో ఫోన్లో ఏమందో తెలుసా? ‘ఒక్కసారి కాళ్ళు తడుపుకుంటే చాలక్కా’ అంది. నీతో చెప్పి ఉండదు. అందుకే రాస్తున్నాను. నువ్వు ఎంచిపెట్టుకున్న కార్యక్రమాల్లో ఇది లేదు.

పొడి ఇసుకలో వీల్‌చెయిర్ కదలదు. ముందున్న చిన్న చక్రాలు కూరుకుపోతాయి, వెనకనుంచి తోస్తే కుర్చీ ముందుకి ఒరుగుతుంది. తప్పదనుకుంటే కుర్చీని వెనక్కి తిప్పి, కాస్త వాల్చి, పెద్ద చక్రాల మీద వెనక్కి లాక్కుంటూ వెళ్ళాలి. అప్పుడు కూర్చున్న మనిషి సముద్రానికి వీపు పెట్టి వెళ్తుంది, కానీ పడదు. నీళ్ళ దగ్గర తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ తిప్పుకోవచ్చు. వాకర్ అయితే ఇసుకలోకి తేనేవద్దు. దాని నాలుగు కాళ్ళూ నాలుగు లోతుల్లో దిగుతాయి.

నడవలేనివాళ్ళకి ఇసుకలో దారి వెయ్యడం పెద్ద విద్యేమీ కాదు. చెన్నైలో మెరీనా బీచ్‌లో 2022 నవంబరులో నీళ్ళ దాకా 263 మీటర్ల చెక్కబాట వేశారు. డిసెంబరులోనే మాండోస్ తుఫాను దాన్ని దెబ్బతీసింది, మళ్ళీ బాగుచేశారు. కుర్చీలో కూర్చున్న మనిషి తనంతట తను అల దగ్గరికి వెళ్ళగలిగితే ఎలా ఉంటుందో అక్కడ చూడాలి. మన ఋషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. దేశంలో మొదట వచ్చిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి, పూరీ గోల్డెన్ బీచ్ ఇంకొకటి. ఆ గుర్తింపుకి పెట్టే షరతుల్లో శుభ్రతతోపాటు నడవలేనివాళ్ళకి దారి ఉండాలన్నదీ ఉంది. అయితే నిర్వహణ బాగాలేదని 2025లో కొంతకాలం ఆ జెండా దించారు, తర్వాత మళ్ళీ ఇచ్చారు. కాబట్టి జెండా చూసి నమ్మకు. మీరు వచ్చే ముందువారం నేనే వెళ్ళి, ఆ రోజుకి బాట ఉందా, కుర్చీ ఇస్తారా, మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని చెప్తాను. ఆదివారం మాత్రం వెళ్ళొద్దు.

కాళ్ళు తడిపే పద్ధతి చెప్తాను. పొద్దున్నే, ఆరున్నరకి సూర్యుడు వచ్చే వేళకి వెళ్ళండి. పోటు తగ్గి నీరు వెనక్కి వెళ్ళే సమయం అయితే మరీ మంచిది, జాలర్లని అడిగితే చెప్తారు. చేతులున్న గట్టి ప్లాస్టిక్ కుర్చీ తడి ఇసుక మీద వెయ్యండి, కింద ఒక ప్లైవుడ్ ముక్క పెట్టండి, లేకపోతే కాళ్ళు దిగబడతాయి. అల చివరి నురగ మాత్రం పాదాలు తాకే చోట వెయ్యాలి, దానికి ఒక్క అడుగు ముందు కూడా కాదు. మా ఒడ్డు మెత్తగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, కొన్నిచోట్ల ఉన్నట్టుండి లోతు. వెనక్కి వెళ్ళే నీరు కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోతుంది. గట్టి కాళ్ళున్న కుర్రాళ్ళే ఇక్కడ ఏటా కొట్టుకుపోతున్నారు. ఇద్దరు పక్కనే ఉండాలి, ఒకరి కళ్ళు ఎప్పుడూ సముద్రం మీదే ఉండాలి. ఫోటోలు తీసేవాడు ఆ ఇద్దర్లో ఒకడు కాకూడదు. ఆ రోజు అలలు పెద్దవిగా ఉంటే బక్కెటుతో సముద్రపు నీళ్ళు తెచ్చి పాదాల మీద పొయ్యండి. నవ్వకు. ఉప్పునీరు ఉప్పునీరే. మీ అమ్మకి నవ్వు వస్తే రానీ.

మీ నాన్న సంగతి వేరే. ఆయన చెప్పులు విప్పేసి ఇసుకలో నడుస్తానంటారు. ఇన్నేళ్ళ షుగరుకి ఆయన పాదాలకి స్పర్శ తగ్గింది. పది దాటాక ఇసుక కాలుతుంది, ఆయనకి తెలియదు. పగిలిన గాజు ముక్క, గవ్వ అంచు గుచ్చుకున్నా తెలియదు. రాత్రికి సాక్స్ విప్పితే గానీ పుండు కనపడదు. వెనక పట్టీ ఉన్న శాండల్సే వెయ్యాలి, తడిసినా పరవాలేదు. రోజూ పడుకునేముందు పాదాలు కడిగి, వేళ్ళ మధ్య ఆరబెట్టి, అడుగున ఒకసారి చూడు. ‘నేను చూసుకుంటాలే’ అంటారు. చూసుకోలేరు, వంగితే పొట్ట అడ్డం. పిల్లల చేత చూపించు. మనవడు అడిగితే ఇస్తారు కాలు.

ఏం చూపించాలి అని కూడా అడిగావు. రోజుకి ఒకటే. మధ్యాహ్నం నిద్ర తప్పకూడదు. కుర్‌సురా జలాంతర్గామి మ్యూజియం ఒడ్డునే ఉంది, 2002లో జనానికి తెరిచారు. పిల్లలు తప్పక చూడాలి. కానీ లోపల నడుము వంచి, కాలెత్తి దాటాల్సిన ఇరుకు ద్వారాలు. మీ అమ్మానాన్నలకి బయటినుంచి చాలు. పిల్లలు లోపల తిరిగొచ్చేదాకా వాళ్ళు ఎదురుగా కూర్చుని ముంత మసాలా తినొచ్చు. బొర్రా గుహలు వద్దు, మెట్లు, తడి. ఎర్రమట్టి దిబ్బలు వద్దు, నేల ఎగుడుదిగుడు. సింహాచలం కొండమీదికి బండి వెళ్తుంది, మామూలు రోజు చూసుకుని వెళ్ళొచ్చు. మెట్లు తక్కువ పడే దారి ఏదో నేను ముందే విచారిస్తాను. చందనోత్సవం దరిదాపుల్లో మాత్రం వద్దు.

వీటన్నిటికన్నా మంచిది భీమిలి రోడ్డు. ఒక సాయంత్రం ఎత్తు సీటున్న కారు మాట్లాడుకుని, మీ అమ్మని ముందు సీట్లో కుడివైపు చూసేలా కూర్చోబెట్టి, నెమ్మదిగా పోనిమ్మను. పాతిక కిలోమీటర్లకి పైగా కుడిచేతి వైపు సముద్రం వస్తూనే ఉంటుంది. దిగాల్సిన పని లేదు. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటు దగ్గర ఆపి టీ తాగి వెనక్కి రావచ్చు. వచ్చేటప్పుడు ఎలాగూ చీకటి.

వీల్‌చెయిర్‌లో కూర్చోనని మీ నాన్న పంతం పట్టారని రాశావు. కూర్చోమని అనకు. ఎవరి మీదా అరవకు. మీ అమ్మ కోసమని ఒక కుర్చీ తెప్పించి దారిలో వెంట ఉంచు, ఆవిడ కూర్చున్నప్పుడు ఆవిడది. ఆవిడ హోటల్లో ఉన్నప్పుడు ఖాళీగా పక్కన వస్తుంది. కాళ్ళు లాగినప్పుడు ఆయనే కూర్చుంటారు, నువ్వు అటు తిరిగి ఫోన్ చూసుకో. ‘చెప్పానా’ అనే మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు. ఆయనకి ఏదైనా పని పెట్టు. టికెట్లు, గది తాళం, పొద్దున్న పేపరు, చేపల ధర కనుక్కోవడం, ఏదో ఒకటి. జీవితమంతా ఇంటికి లెక్కలు చూసిన మనిషిని సామానులా ఒకచోటినుంచి ఇంకోచోటికి మోస్తే ఆయనకి సముద్రం కనపడదు.

నీ గురించి కూడా ఒక మాట. నువ్వు నాలుగు రోజులూ నర్సులా తిరిగితే, మీ అమ్మ నిన్ను చూసి బాధపడుతుంది, హోటల్‌కి వచ్చిన సంబరం పోతుంది. పని పంచు. రాత్రిపూట అమ్మ గది పక్కన నువ్వు పడుకుంటే, పొద్దున్న మీ ఆయన లేచి చూసుకోవాలి. మందుల సంచి పిల్లవాడి బాధ్యత. మాత్రలు రెండు చోట్ల పెట్టు, సగం చేతిసంచిలో, సగం పెట్టెలో. ఆపరేషన్ కాగితాలూ, మందుల చీటీ ఫోటోలు ఫోన్లో ఉంచుకో. రోజులో ఓ గంట వాళ్ళిద్దర్నీ బాల్కనీలో వదిలేసి మీరంతా బయటికి పొండి. ఏం మాట్లాడుకుంటారో మనకనవసరం.

అన్నిటికీ ముందు, ఈ ఉత్తరం చదివాక, హోటల్ ఖాయం చెయ్యకముందు, అమ్మని ఒకసారి కూర్చోబెట్టి అడుగు. ‘ఎక్కడికి వెళ్దాం’ అని కాదు. ‘నీకు రోజులో ఏది కష్టంగా ఉంటోంది’ అని. రాత్రి ఎన్నిసార్లు లేస్తోందో, ఏ చెయ్యి ఆనిస్తే లేవగలుగుతోందో, ఎడమ వైపా కుడి వైపా. కమోడ్‌కి ఏ పక్కన కడ్డీ ఉండాలో దాన్నిబట్టి తేలుతుంది. అది చెప్తే బీచ్ రోడ్డులో మూడు హోటళ్ళకి నేనూ మీ పెదనాన్నా టేపు పట్టుకుని వెళ్ళి చూసొస్తాం. మీ పెదనాన్నకి ఇలాంటి పనంటే హుషారు, ఇప్పటికే టేపు తీసి జేబులో పెట్టుకున్నారు.

కమోడ్ మీద పెట్టే రైజరు ఖమ్మంలో కొనకు. ఇక్కడ మా ఇంట్లో ఒకటుంది, కడిగి పెడతాను. రైజరు మోసుకుని రైలెక్కే పని తప్పుతుంది. టికెట్లయ్యాక బోగీ నంబరు పంపు. స్టేషన్‌లో వీల్‌చెయిర్‌కి ముందే చెప్పి ఉంచుతాం. రైలు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వస్తే నేరుగా బయటికి రావచ్చు, వేరేదాని మీద ఆగితే అక్కడే ఉండండి, కంగారుపడి వంతెన ఎక్కించకు. మేం వచ్చేదాకా మీ అమ్మని కుర్చీలోంచి లేపొద్దు.

మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
పెద్దమ్మ